సన్న వైపు మిగిలిన తెల్లసొన: ఒక హ్యాచరీ కేసు

ఫోన్ చేసిన మేనేజరు మొదటి మాటలోనే తీర్పు చెప్పేశాడు. "డాక్టర్ గారూ, మంద ముసలిదైపోయింది. గుడ్డులో బలం లేదు. మీరొచ్చి ఒకసారి చూసి అదే రాసిస్తే ఫార్మ్ వాళ్లకి చూపిస్తాం."

నేను కోళ్ల డాక్టర్‌ని. షెడ్లలో కంటే, మెషీన్లలో గుడ్లు పొదిగించే హ్యాచరీల్లోనే ఎక్కువ తిరుగుతాను. నన్ను పిలిచేసరికి తప్పు ఎవరిదో ముందే తేలిపోయి ఉండటం నాకు కొత్త కాదు. సంతకం కోసమే పిలుస్తారు. ఈ కేసులో మాత్రం వాళ్ల తీర్పూ తప్పింది, మొదటిసారి నేను చెప్పిందీ తప్పింది. అందుకే మొత్తం రాస్తున్నాను.

వెళ్లేసరికి లెక్కలు సిద్ధంగా ఉన్నాయి. బ్రాయిలర్ పేరెంట్ మంద, అంటే మాంసం కోళ్ల పిల్లల కోసం గుడ్లు పెట్టే కోళ్లు, వయసు 58 వారాలు. హ్యాచరీలో 6 సెట్టర్లు (గుడ్లను మొదటి 18 రోజులు పొదిగే మెషీన్లు), అన్నీ సింగిల్ స్టేజ్. అంటే ఒక మెషీన్‌లో ఉన్న గుడ్లన్నీ ఒకే రోజు లోపలికి చేర్చినవి. సెట్టర్‌కి 12 ట్రాలీలు, ట్రాలీకి 4,800 గుడ్లు. ఫలదీకరణ అయిన గుడ్లలో 90 శాతం దాకా పిల్లలు వస్తుండేవి. ఈ మంద గుడ్లు వరుసగా రెండు హ్యాచ్‌లలో 83 దగ్గర ఆగిపోయాయి. 7 శాతమే కదా అనిపించొచ్చు. మెషీన్‌లో 57,600 గుడ్లు ఉన్నప్పుడు అది నాలుగు వేలకు దగ్గరగా పిల్లలు.

ముసలి మంద అన్న మాటలో ఒక చిక్కు అప్పుడే కనిపించింది. మందకు వయసు మీదపడితే మొదట తగ్గేది ఫలదీకరణ. దాంతోపాటు మొదటి వారం చావులు పెరుగుతాయి. ఇక్కడ క్లియర్ గుడ్లు (ఫలదీకరణ కానివి) పెరగలేదు, మొదటి వారం చావులూ పెరగలేదు. పెరిగినవన్నీ ఆఖర్లోవే: పూర్తిగా ఎదిగి పెంకులోనే చచ్చినవి, పెంకు పొడిచి బయటికి రాలేక చచ్చినవి, వచ్చినా ఒళ్లంతా జిగురుతో పనికిరానివి. హ్యాచ్ కాని గుడ్లు 180 తీసుకుని బ్రేక్ అవుట్ చేశాను, అంటే పగలగొట్టి పిండం ఏ దశలో పోయిందో చూశాను. 112 గుడ్లలో పిండం 18వ రోజు దాటాకే పోయింది.

మొదటిసారి నేను చెప్పింది

పిల్లలు జిగటగా ఉన్నాయి, ఆఖరి రోజుల్లో చస్తున్నాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే హ్యాచరీలో ఎవరైనా చెప్పే మాట ఒకటే: తేమ ఎక్కువైంది, గుడ్డు నుంచి పోవాల్సిన నీరు పోలేదు. నేనూ అదే అన్నాను. సెట్టర్‌లో తేమ 53 శాతం నుంచి 48కి దించమన్నాను.

ముందు తూకం వేయించాల్సింది. గుడ్లు మెషీన్‌లో పెట్టిన రోజు ట్రే బరువు, 18వ రోజు ట్రే బరువు చూసి 12 శాతం అటూ ఇటూగా తగ్గిందో లేదో తెలుసుకోవడానికి పావుగంట పట్టదు. వేయించలేదు. జిగట చూశాను, నోటికి అలవాటైన మాట వచ్చేసింది. తర్వాతి సెట్‌లో తూకం వేయించాను. బరువు 13.5 శాతం తగ్గింది. హ్యాచ్ శాతం అలాగే ఉంది. పైగా ఈసారి బాగున్న పిల్లలు కూడా కాళ్లు ఎండి, చిన్నగా వచ్చాయి. మూడు వారాలు పోయాయి, అవి నా ఖాతాలోవే.

రెండోసారి వెళ్లినప్పుడు లెక్కలు చూడకుండా చేత్తో పట్టుకుని చూశాను. జిగట పిల్ల నూగు మీది పదార్థాన్ని రెండు వేళ్ల మధ్య నలిపితే అది నీళ్లలా లేదు. తీగలా సాగింది. కాసేపటికి ఆరి వార్నిష్‌లా బిగుసుకుంది. అది నీరు కాదు, తెల్లసొన. 21వ రోజు గుడ్డులో తెల్లసొన అనేదే ఉండకూడదు. అప్పటికి పిండం దాన్నంతా మింగేసి ఉండాలి.

మళ్లీ ఓ నలభై గుడ్లు, ఈసారి సన్న వైపు నుంచి జాగ్రత్తగా విప్పాను. చాలావాటిలో మొన దగ్గర లేత పసుపు రంగు జిగురు ముద్ద ఉంది. పెంకు లోపలి గోడ చూస్తే మొద్దు వైపు నుంచి రక్తనాళాల ముద్ర చక్కగా దిగివచ్చి, మొనకు ఇంకా దూరం ఉండగానే గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ గీత కింద ఒట్టి తెల్లటి పెంకు పొర. ఒక్క రక్తనాళం లేదు.

కేసు అక్కడే తిరిగింది. ఆ గీత ఏమిటో చెప్పాలంటే లోపలి పొరల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ఏ పొర ఎవరిది

గుడ్డు ఒలిచేటప్పుడు చేతికి వచ్చే తెల్లటి పొర నిజానికి రెండు పొరలు. అవి పెంకు పొరలు. మొద్దు వైపు ఆ రెండూ విడిపోయిన చోటే గాలి గది ఏర్పడుతుంది. అవి కోడి ఇచ్చినవి, గుడ్డు బయటికి రాకముందే ఉంటాయి. పొదగడం మొదలయ్యాక పిండం తనకోసం తనే మరో నాలుగు పొరలు అల్లుకుంటుంది: సొనసంచి, ఆమ్నియాన్, కోరియాన్, అలాంటోయిస్. పాఠ్యపుస్తకాల్లో చివరి మూడింటికి ఉల్బం, పరాయువు, అళిందం అని పేర్లున్నాయి. హ్యాచరీలో ఆ పేర్లతో పిలిస్తే ఏ పొరా పలకదు కాబట్టి నేను ఇంగ్లిష్ పేర్లే వాడతాను.

ఇవి పిల్ల ఒంట్లో భాగాలు కావు. సొనసంచి మాత్రం పుట్టే ముందు కడుపులోకి వెళుతుంది. మిగతావి పెంకుకే అంటుకుని చెత్తబుట్టలోకి పోతాయి. కానీ 20 రోజుల పాటు తిండి, ఊపిరి, మూత్రసంచి, పడక అన్నీ అవే. పాకే జంతువులు నీటి ఒడ్డు వదిలి నేల మీద గుడ్డు పెట్టగలిగింది ఈ ఏర్పాటు వల్లే.

మనకు కావాల్సింది ఒకే ప్రశ్న. తెల్లసొన పిండం నోట్లోకి ఎలా వెళుతుంది? పిండం ఆమ్నియాన్ అనే నీటి సంచిలో మూసి ఉంటుంది. తెల్లసొన ఆ సంచి బయట, సన్న వైపు ఉంటుంది. సుమారు 12వ రోజున ఈ రెండింటి మధ్య ఒక దారి తెరుచుకుంటుంది. తెల్లసొన ఆమ్నియాన్‌లోకి జారుతుంది, పిండం దాన్ని ఆ నీటితోపాటు గుటకలు వేస్తుంది. 17వ రోజుకల్లా అయిపోవాలి. దీనికి ఒక షరతుంది. అలాంటోయిస్, కోరియాన్ రెండూ కలిసిపోయి ఏర్పడే పెద్ద రక్తనాళాల పొర పెంకు లోపలి గోడ వెంట పాకుతూ మొన దాకా వచ్చి, తెల్లసొనను చుట్టేయాలి. 11, 12 రోజులకు ఆ చుట్టడం పూర్తవుతుంది. పొర ఎదగక దారిలో ఆగిపోతే తెల్లసొన బయటే ఉండిపోతుంది.

అంటే 20వ రోజు చచ్చిన పిల్లకు దెబ్బ తగిలింది 12వ రోజుకు ముందే. తేమ అంటూ, ఆఖరి చావులంటూ నేను చివరి రోజుల చుట్టూ తిరుగుతున్నాను. తప్పు మొదటి వారాల్లో, సెట్టర్‌లో జరిగింది.

సన్న వైపు దీపం

క్యాండ్లింగ్ అంటే గుడ్డుకు లైటు ఆనించి లోపల చూడటం. అందరూ మొద్దు వైపు లైటు పెడతారు. గాలి గది, పిండం అక్కడే కనబడతాయి. 12వ రోజు చూడాల్సింది సన్న వైపు. పొర మూసుకున్న గుడ్డు మొన దాకా నల్లగా, రక్తనాళాలతో ఉంటుంది. మూసుకోనిదైతే మొన దగ్గర లేత వెలుగు మచ్చ మిగులుతుంది.

ఆ రోజు సరిగ్గా 12 రోజులు నిండిన మెషీన్ ఒకటే ఉంది. అందులో ఉన్నవి 34 వారాల పడుచు మంద గుడ్లు. మేనేజరు ముఖం చిట్లించాడు. "అది మంచి మంద సార్, దాంట్లో ఏం ఉండదు." అయినా ప్రతి ట్రాలీ నుంచి పైన ఒక ట్రే, మధ్యలో ఒకటి, కింద ఒకటి దింపించాను. పది ట్రాలీల గుడ్లు నల్లగా ఉన్నాయి. రెండు ట్రాలీలలో మాత్రం ట్రే వెంట ట్రే, గుడ్డు వెంట గుడ్డు, మొన మీద వెలుగు మచ్చ.

ముసలి మంద కథ అక్కడితో అయిపోయింది. పడుచు మందకూ అదే జబ్బు ఉంది, కాకపోతే 12 ట్రాలీలలో రెండే కాబట్టి సగటులో కలిసిపోయి ఎవరికీ కనబడలేదు. ఒకే మెషీన్, ఒకే గాలి, ఒకే వేడి. తేడా ట్రాలీలో ఉంది. ట్రాలీ చేసే పని గుడ్లను మోయడం, తిప్పడం.

ఆపరేటర్ కుర్రాడు వెంటనే ప్యానెల్ చూపించాడు. "సార్, గంటకోసారి టర్నింగ్. రోజుకి 24. చూడండి, ఒక్కటి కూడా మిస్ కాలేదు." నిజమే, మిస్ కాలేదు. నేను తలుపు తీసి లోపల నిలబడ్డాను. కంప్రెసర్ గాలితో సిలిండర్ నెట్టింది, పది ట్రాలీలు అటు వాలాయి. ఆ రెండూ కొంచెం కదిలి ఆగిపోయాయి. ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి ట్రే అంచున ఆనించాను. మంచి ట్రాలీలు అటు 44, ఇటు 43 డిగ్రీలు. చెడ్డవి ఒక వైపు 19, రెండో వైపు 4.

కౌంటర్ లెక్కపెట్టేది సిలిండర్ ఎన్నిసార్లు నెట్టిందో. గుడ్డు ఎంత వాలిందో దానికి తెలియదు. ట్రేలను వాల్చే లింకు దగ్గర పిన్ను రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది (ఈ మాట ఆపరేటరే అన్నాడు, నవ్వలేకపోయాం). కడగడానికి తోసుకెళ్లేటప్పుడు గుమ్మానికి గుద్దుకుని కొన్నింట్లో రాడ్డు కూడా వంగింది. హ్యాచరీలో ఉన్న 72 ట్రాలీలనూ ఖాళీ అయినప్పుడల్లా కొలిపించాను. అయిదు ట్రాలీలు అలాంటివి తేలాయి.

ట్రాలీలకు నంబర్లు లేవు. ఏది ముందు దొరికితే దాన్ని ఏ సెట్టర్‌లోకైనా తోస్తారు. కాబట్టి ఈ అయిదూ మెషీన్ నుంచి మెషీన్‌కి, మంద నుంచి మందకి తిరుగుతున్నాయి. ఎప్పుడైనా మూడు కలిసి ఒకే మందకి పడితే ఆ మంద దోషి. 58 వారాల మందకి వరుసగా అలాగే పడుతూ వచ్చాయి. మూడు ట్రాలీలలో 62 శాతం, తొమ్మిదింటిలో 90 శాతం వేసి చూడండి, సగటు 83 వస్తుంది.

అటు అయిదు, ఇటు అయిదు

రిపేరు వెంటనే చేయించొచ్చు. కానీ ఒక మాట తప్పు చెప్పి ఉన్నవాడిని, రెండో మాటకు రుజువు లేకుండా రాయదలుచుకోలేదు. ఒకే మంద, ఒకే రోజు గుడ్లు రెండు ట్రేలు, ఒకటి మంచి ట్రాలీలో, ఒకటి చెడ్డ ట్రాలీలో పెట్టించాను. అనుకున్న రోజుల్లో అటు అయిదు, ఇటు అయిదు పగలగొట్టి పక్కపక్కన సాసర్లలో చూశాం. ఇలా రోజులవారీగా గుడ్లు విప్పి చూడటం అరిస్టాటిల్ రెండు వేల ఏళ్లకు పూర్వమే చేశాడు. అంతకంటే మంచి పద్ధతి నాకు ఇప్పటికీ తెలియదు.

4వ రోజు. మంచి ట్రాలీ గుడ్డులో పచ్చసొన మీద ఎర్రటి వల పరుచుకుని ఉంది. అదే సొనసంచి రక్తనాళాలు. గుండె రెండో రోజే మొదలవుతుంది కాబట్టి ఆ వలలో రక్తం కదలడం కంటికి తెలుస్తుంది. చాలామంది సొన ఒక గొట్టం గుండా పేగులోకి కారుతుందనుకుంటారు. ప్రధానంగా జరిగేది అది కాదు. సొనసంచి గోడ కణాలే సొనను జీర్ణం చేసి రక్తంలోకి ఎక్కిస్తాయి. అందుకే వల ఎంత పెద్దదైతే పిండానికి అంత తిండి. చెడ్డ ట్రాలీ గుడ్డులో అన్నీ ఉన్నాయి. వల మాత్రం చిన్నది. అంచు దగ్గర కొలిస్తే తేడా కొట్టొచ్చినట్టు ఉంది.

తిప్పడానికీ వలకూ ఏం సంబంధం? పొదగడం మొదలయ్యాక తెల్లసొనలోని నీరు పిండం కిందికి చేరి, సొన తేలికై పైకి తేలుతుంది. తిప్పకపోతే పైనే నిలిచిపోయి పెంకు పొరను ఆనుకుని ఉంటుంది, అంటుకోవచ్చు కూడా. తిప్పినప్పుడు వల కింది సొన, చుట్టూ ఉన్న తెల్లసొన కదులుతాయి, వల అంచు కొత్త చోటికి పాకుతుంది. ఇందులో 3 నుంచి 7 రోజుల మధ్య కాలం అన్నింటికంటే సున్నితమని 1957లోనే న్యూ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆ రోజుల్లో తిప్పనిది తర్వాత ఎంత తిప్పినా పూడదు.

7వ రోజు నాకిష్టమైన రోజు. ఆమ్నియాన్ మూడో రోజు ప్రాంతంలోనే పిండం చుట్టూ మూసుకుపోతుంది. దానిలో రక్తనాళాలు ఉండవు, నరాలూ ఉండవు, కానీ కండర పోగులు ఉంటాయి. వెచ్చని సాసర్‌లో కదపకుండా చూస్తే ఆ సంచి తనంతట తనే మెల్లగా బిగుసుకుని వదులుతూ పిండాన్ని ఊయలలా అటూ ఇటూ ఊపుతుంది. ఆపరేటర్ చాలాసేపు చూశాడు. "ఇన్నేళ్లుగా గుడ్లు తోస్తున్నా, ఇది చూడలేదు సార్," అన్నాడు. రెండు సాసర్లలోనూ ఊపు ఉంది. ఆ రోజు నాకు పెద్ద తేడా దొరకలేదు.

10వ రోజు తేడా మళ్లీ బయటపడింది. 4వ రోజు తోక దగ్గర నీటిబుడగంత ఉన్న అలాంటోయిస్ ఇప్పుడు గుడ్డులో సగానికి పైగా కమ్మేసింది. పిండం విసర్జించేది అందులోకే వెళుతుంది. అది యూరియాగా కాక, నీటిలో పెద్దగా కరగని యూరిక్ ఆమ్లంగా ఉంటుంది కాబట్టే మూసిన గుడ్డులో విషమవకుండా ఓ మూల పడి ఉంటుంది. హ్యాచ్ తర్వాత పెంకు లోపల కనిపించే సున్నంలాంటి తెల్లటి గీతలు అవే. ఫ్లూ టీకా తయారుచేసేవాళ్లు సుమారు 10, 11 రోజుల గుడ్లు వాడేది కూడా ఈ సంచి అప్పటికి నిండుగా ఉంటుందనే. చెడ్డ ట్రాలీ గుడ్లలో అలాంటోయిస్ ఉంది, కానీ పెంకు వెంట దిగడంలో వెనకబడింది.

12వ రోజు రెండు సాసర్లకూ పోలికే లేదు. మంచి గుడ్డులో పొర మొన చుట్టూ మూటలా ముడిపడింది. చెడ్డ గుడ్లు అయిదింటిలో నాలుగింట్లో పొర ఆగిపోయి ఉంది, కింద తెల్లసొన ఊరికే పెంకుకు అంటుకుని ఉంది.

14వ రోజు మంచి గుడ్డు ఆమ్నియాన్ నీరు వేలితో ముట్టుకుంటే చిక్కగా ఉంది, తెల్లసొన లోపలికి వచ్చేసింది. చెడ్డ గుడ్డులో ఆ నీరు పల్చగానే ఉంది. 17వ రోజు మంచి గుడ్డు మొన ఖాళీ. చెడ్డ గుడ్డులో ముద్ద ఉంది. అది మొదటి రోజు తెల్లసొన కంటే చాలా చిక్కన, ఎందుకంటే నీరు లాగేసుకుని ప్రొటీన్ మిగిలిపోయింది. పిండాలు చేతిలో పెట్టుకుంటేనే ఏది ఎక్కడిదో చెప్పగలిగాం. తూకమూ అదే చెప్పింది.

మరి ఆఖర్లోనే ఎందుకు చస్తాయి

మేనేజరు అడిగిన మంచి ప్రశ్న ఇది. "మొదటి వారంలో దెబ్బ తగిలితే మొదటి వారంలోనే చావాలి కదా సార్?"

ఆ పెద్ద పొర ఊపిరితిత్తుల పని కూడా చేస్తుంది. పెంకులో వేల సంఖ్యలో ఉన్న సన్నటి రంధ్రాల గుండా వచ్చిన ఆక్సిజన్‌ను అదే తీసుకుంటుంది, కార్బన్ డై ఆక్సైడ్‌ను అదే పంపుతుంది. పెంకులోని కాల్షియాన్ని కరిగించి పిల్ల ఎముకలకు అందించేదీ అదే. ఒక కోడిగుడ్డు పొదిగినన్ని రోజుల్లో సుమారు 6 లీటర్ల ఆక్సిజన్ తీసుకుంటుంది. అందులో ఎక్కువ భాగం చివరి వారంలోనే. 10వ రోజు పిండం చిన్నది, కురచ పొరతోనూ గడిచిపోతుంది. 17, 18 రోజులకు పిల్ల పెద్దదై గాలి అవసరం ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ పొర చాలదు.

దీనికి తోడు మరో రెండు. తినాల్సిన ప్రొటీన్ తినలేదు కాబట్టి పిల్ల బలహీనం. తల సరైన చోటికి తిప్పుకోలేదు కూడా. మామూలుగా పిల్ల తల మొద్దు వైపు, కుడి రెక్క కింద, ముక్కు గాలి గది వైపు పెట్టుకుంటుంది. చచ్చినవాటిలో తల సన్న వైపు ఉన్నవి, ముక్కు రెక్క మీదికి వచ్చినవి మామూలు కంటే ఎక్కువ కనిపించాయి. తల సన్న వైపు ఉన్నవాటి ముక్కు సరిగ్గా ఆ జిగురు ముద్దలో ఉంది. గాలి గదిలోకి పొడిచి మొదటి ఊపిరి తీసుకోవాల్సిన సమయంలో ముక్కు రంధ్రాలు మూసుకుపోయాయి.

ఇక్కడ పక్క మాట ఒకటి. పొడిచి ఆగిపోయిన పిల్లలకు జాలిపడి పెంకు ఒలిచే అలవాటు ఈ హ్యాచరీలోనూ ఉంది. పిల్ల గాలి గదిలోకి పొడిచాక కూడా పొరలో రక్తం చాలా గంటలు తిరుగుతూనే ఉంటుంది. మెల్లగా ఆ రక్తాన్ని లోపలికి లాక్కుని, రక్తనాళాలు మూసుకున్నాకే పిల్ల పెంకును చుట్టూ కోయడం మొదలుపెడుతుంది. అదే సమయంలో మిగిలిన సొనసంచి బొడ్డు గుండా కడుపులోకి చేరి, పుట్టాక మొదటి కొన్ని రోజుల తిండి అవుతుంది. ఇవి పూర్తికాకముందే ఒలిస్తే రక్తం కారుతుంది, సొనసంచి బయట వేలాడుతుంది, తెరిచిన బొడ్డులోంచి ఇన్‌ఫెక్షన్ పోతుంది. ఒలిచిన పిల్లల డబ్బా విడిగా పెట్టి మూడు రోజులు చూడమన్నాను. తర్వాత ఆ అలవాటు దానంతటదే ఆగింది.

తర్వాత

అయిదు ట్రాలీల పిన్నులు, బుష్‌లు మార్చారు. రెండింటికి రాడ్లు కొత్తవి వేశారు. తేమ మళ్లీ 53కి తెచ్చాం. ఆ మాట చెప్పేటప్పుడు మేనేజరు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. 72 ట్రాలీలకూ నంబర్లు వేయించాను, హ్యాచ్ రికార్డులో మందతోపాటు ట్రాలీ నంబరు కూడా రాయాలని పెట్టాం. నా దృష్టిలో పిన్నుల కంటే ఇదే పెద్ద రిపేరు. ఇది ముందే ఉంటే నన్ను పిలవాల్సిన పనే ఉండేది కాదు.

బాగుచేసిన ట్రాలీలలో తర్వాతి సెట్ గుడ్లను 12వ రోజు సన్న వైపు నుంచి చూశాం. మచ్చలు లేవు, ట్రేకి ఒకటో రెండో తప్ప. ఆ అయిదు ట్రాలీల హ్యాచ్ శాతం మిగతావాటితో కలిసిపోయింది, మొత్తం మళ్లీ 90 దగ్గరికి వచ్చింది. ఇప్పుడు వాళ్లు ప్రతి సెట్‌కీ 12వ రోజు ఒక్కో ట్రాలీ నుంచి ఒక ట్రే సన్న వైపు క్యాండ్లింగ్ చేస్తున్నారు. కోణం వారానికోసారి ఫోన్‌తో కొలుస్తున్నారు. ప్యానెల్‌లో కౌంటర్ అలాగే ఉంది.

కొంత మిగిలిపోయింది. బాగున్న ట్రాలీలలో కూడా తల సన్న వైపు పెట్టిన పిల్లలు అప్పుడప్పుడు దొరుకుతున్నాయి. వెతికితే ట్రేలలో కొన్ని గుడ్లు తలకిందులుగా, మొన పైకి పెట్టినవి కనిపించాయి. అది ట్రేలు నింపే చోట తప్పు, సరిచేయడం తేలికే కానీ మనుషులు మారినప్పుడల్లా మళ్లీ వస్తుంది. ఇంకోటి, చెడ్డ ట్రాలీ గుడ్లలోనూ కొన్ని ఏ లోపమూ లేకుండా బ్రహ్మాండమైన పిల్లలనిచ్చాయి. ట్రేలో ఏ మూల గుడ్లు అవి అని చూడాలనుకున్నాను. అప్పటికి ట్రాలీలు బాగైపోయాయి.

58 వారాల మందను మాత్రం నేను రెండోసారి వెళ్లేలోపే అనుకున్నదానికంటే ముందుగా తీసేశారు. రిపోర్టు వెళ్లిన మర్నాడు ఆ ఫార్మ్ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. "మా గుడ్లలో తప్పు లేదని అందులో రాశారా సార్?" అని అడిగాడు. రాశానని చెప్పాను. ఏ పేజీలో ఉందో అడిగి, ఫోన్ పెట్టేశాడు.